తండ్రి కట్టిన మేళము

ఆడపిల్లకు పాట నేర్పించుట మన ఇండ్లలో క్రొత్త సంగతి కాదు. పెండ్లిచూపులనాడు పిల్లను హార్మోనియము ముందు కూర్చుండబెట్టి, నేర్చిన రెండు కీర్తనలలో నొకదానిని పాడించి, వచ్చినవారు తలలూపగానే ఆ పెట్టెను అటుకమీదికి చేర్చు ఆచారము మన పెద్దల కాలమున మెండుగ నుండెను. గొంతు పిల్లది, దానివలని ప్రయోజనము పెద్దలది. పాడవలెనని నీకున్నదా యని ఆ పిల్లను అడిగినవారు అరుదు. ఈ మాసము మేము చెప్పబోవు ముచ్చట అమెరికాదేశపుది. అచ్చటను ఒక తండ్రి తన కూతుండ్రచేత సంగీతము చేయించెను. పెండ్లికొరకు కాదు సుమీ, పెండ్లి మాట ఎత్తనిచ్చువాడే కాడు. అతని కారణము వేరు. అది మన చదువరులకు అంత వింతగా తోచకపోవచ్చును.

అమెరికా సంయుక్తరాష్ట్రములకు ఈశాన్యపు మూలను న్యూహాంప్‌షైరు అను చిన్న రాష్ట్రము కలదు. అందు ఫ్రీమాంటు అనునది యొక పల్లె. కొయ్యపీపాలు చేయు కర్మాగారమునకు పేరు పొందినది. ఆ యూర ఆస్టిన్ విగ్గిన్ అను కార్మికుడు కాపురముండెను. దాపుననున్న ఎక్సిటరు పట్టణములోని బట్టలమిల్లులో అతని పని. భార్య ఆనీ. హెలెన్, డొరొతి, బెట్టీ, రేచల్ అని నలుగురు కూతుండ్రు, కొడుకు లిద్దరు. డొరొతిని ఇంటివా రందరును డాట్ అని పిలిచెడివారు.

ఆస్టిన్ తల్లికి హస్తసాముద్రికము తెలియును. అతడు చిన్నవాడై యుండగా ఆమె అతని చేయి చూచి మూడు మాటలు చెప్పెనట. లేత ఎఱ్ఱని జుట్టుగల పిల్లను పెండ్లాడుదువు. నా మరణానంతరము నీకు ఇద్దరు కొడుకులు కలుగుదురు. నీ కూతుండ్రు ఒక సంగీతమేళముగా ఏర్పడి పేరు పొందుదురు. మొదటి రెండును అట్లే జరిగెను. మూడవది మాత్రము తనంతట తాను జరుగునట్లు కనబడలేదు. ఆడపిల్లలకు సంగీతమునందు ఆసక్తి యున్న జాడ లేదు. అంతట ఆస్టిన్, తల్లి మాట వట్టిపోరాదని, జరుగవలసినదానిని తానే జరిపించుటకు పూనుకొనెను. జాతకములో రాజయోగ మున్నదని విని, పిల్లవానిని ఆటలు మాన్పించి పుస్తకములముందు కట్టివేసిన తండ్రులను మేమెఱుగుదుము. విధిని నమ్మువారు విధికి సాయము చేయబోవుట ఎక్కడనైనను ఒక్కటే.

మిల్లుకూలి యెంత? అయినను ఆ డబ్బుతోనే అతడు రెండు గిటారులు, ఒక జత డ్రమ్ములు, ధ్వనిని పెంచు పెట్టెలు కొనెను. కొలదిపాటి పాఠములు చెప్పించెను. డాట్ చేతికి ప్రధానమైన గిటారు, బెట్టీ చేతికి తోడు గిటారు వచ్చెను. పెద్దదియైన హెలెన్‌ను డ్రమ్ములముందు కూర్చుండబెట్టిరి. రేచల్ చిన్నది, ఆమె కొన్నాళ్ళ తరువాత మంద్రపు గిటారుతో వచ్చి చేరెను. మేళమునకు ‘షాగ్స్’ అని పేరుపెట్టినదియు తండ్రియే. నాటి వేడుకైన యొక జుట్టు కత్తిరింపును, ఒడలెల్ల బొచ్చుగల కుక్కజాతిని తలపించు పేరది. ఆడపిల్లలు తమకు తాము ఇట్టి పేరు పెట్టుకొందురా యని మేము సందేహించెదము.

అంతటితో ఆగక అతడు వారిని బడి మాన్పించెను. చికాగోనుండి తపాలామూలమున వచ్చు పాఠములు ఇంటిలోనే చదువవలెను. ఉదయమున సాధన, మధ్యాహ్నము పాఠములైన తరువాత మరల సాధన, తండ్రి మిల్లునుండి వచ్చి భోజనము చేసిన పిమ్మట అతని యెదుట సాధన, ఆపైని వ్యాయామము, అటుతరువాత నిద్ర. స్నేహితుల యిండ్లకు పోవుట లేదు. ఆ యీడుపిల్లలు పోవు వేడుకలకు పోవుట లేదు. మగపిల్లలతో పరిచయ మసలే లేదు. దినమునకు మూడుసార్లు డ్రమ్ములు మ్రోగు ఆ చిన్న యింటిలో ఆరుగురు బిడ్డలకు వండి వడ్డించి, బట్టలుతికి, మగని పట్టుదలను మోసిన ఆనీ నోటినుండి ఏ మాట వచ్చెడిదో! ఇట్టి కథలలో తల్లి ఎప్పుడును వంటింటి గుమ్మమువద్దనే యుండును. ఆ గుమ్మమున నిలిచి చూచినవారికి ఈ కథ మరియొక విధముగ కనబడునని మా నమ్మకము.

1968 లో ఎక్సిటరున నూతన గాయకులకై యేర్పాటైన యొక ప్రదర్శనయందు మేళము మొదటిసారి నలుగురియెదుటికి వచ్చెను. పాట యెత్తుకొనగానే సభలో నవ్వులు మొదలయ్యెను. అవి యెగతాళి కేకలుగా మారెను. కొందరు ఖాళీ పానీయపు డబ్బాలు వేదికమీదికి విసిరిరి. పిల్లలు తలవంచుకొని యింటికి వచ్చిరి. ఇక చాలునని తండ్రి యనునేమో యని వారు లోలోపల ఆశపడియుందురు. ఇంకను ఎక్కువ సాధన చేయవలెనని అతడనెను.

ఇంతకు వారి పాటలో నున్న తప్పేమి? మన సంగీతము నేర్చినవారికి ఒక్కమాటలో చెప్పవచ్చును: శ్రుతి కలియదు, లయ కలియదు. మన పిల్లకు పాఠము మొదలుపెట్టునప్పుడు గురువు తంబురనో శ్రుతిపెట్టెనో మీటి, ముందుగా ఆ నాదములో గొంతు నిలుపుమనును. సరళీస్వరములు చేతితో తాళము వేయుచు పాడించును. ఈ పిల్లలకు ఆ పునాది పడలేదు. రెండు గిటారులకును తంతులు సరిగ బిగించి యుండవు. గిటారుమీది స్వరము గొంతులోని మాటను అక్షరమక్షరమునకు వెంబడించును. చరణములో ఒక మాట నిడివియైనచో తాళమే దానికొరకు నిలిచి, పిదప పరుగిడి దారి కలుపుకొనును. హెలెన్ దరువు మిగిలిన యిద్దరితో సంబంధము లేనట్లు తన దారిన తాను పోవును. మొదటిసారి విన్నప్పుడు ముగ్గురు మూడు గదులలో కూర్చుండి మూడు వేర్వేరు పాటలు వాయించుచున్నట్లు తోచును. నవ్వు వచ్చిన శ్రోతలను మేము తప్పుపట్టము. డబ్బాలు విసరినవారిని మాత్రము క్షమింపజాలము.

కాని మరల విన్నచో ఒక చిత్రము బయటపడును. వారు తడబడుట లేదు. ఒక చరణములో ఏ మాటవద్ద తాళము వంగినదో, తరువాతి చరణములో ఆ చోటనే వంగును. ఎచ్చట గిటారు ముందునకు దూకినదో అచ్చటనే దూకును. అది చేతగానిపిల్లల గందరగోళము కాదు, సాధన చేసి చేసి గట్టిపడిన పద్ధతి. ఆ పద్ధతి లోకములో మరియెవ్వరికిని తెలియదు. ఆ ముగ్గురికి మాత్రమే తెలియును. బడి లేక, చెలికత్తెలు లేక, దినమంతయు ఒకరి ముఖ మొకరు చూచుకొని బ్రతికిన అక్కచెల్లెండ్రకు తమలో తమకొక భాష యేర్పడినట్లే యిదియు ఏర్పడియుండును.

పాటలను కట్టినది డాట్. తండ్రి మేళమును కట్టెను, పేరు పెట్టెను, వేళలు నిర్ణయించెను. పాటలోని మాటలు మాత్రము ఆ పిల్లవి. ఆమెకు తెలిసిన లోకమెంత! ఇల్లు, పెరడు, తోబుట్టువులు, రేడియో. ఆమె పాటలును వానినిగూర్చియే. ఫుట్ ఫుట్ అను పెంపుడుపిల్లి తప్పిపోయినందున దానిని వెదకుకొనుచు తిరుగుట ఒక పాట. పండుగరాత్రి పిల్లల వేడుక మరియొకటి. లేనివాడు ఉన్నవాని కలిమిని కోరును, ఉన్నవాడు లేనివాని సుఖమును కోరును, లోకములో అందరినిగూడ సంతోషపెట్టుట యెవరి తరమును కాదు అను భావముతో నొక పాట కలదు. అది ‘ఫిలాసఫీ ఆఫ్ ది వరల్డ్’, అనగా లోకతత్త్వము. మరియొక పాటలో ఆమె తల్లిదండ్రులనగా ఎవరని ప్రశ్న వేసి, మనలను కనిపెట్టి యుండువారు వారేయని, ఎన్నటికిని విడువనివారు వారేయని చెప్పినది. బడి మాన్పించి గడపదాటనీయని తండ్రి యెదుట కూర్చుండి ఆ కూతురు ఈ పాట పాడెను. ఇది నిజమైన ప్రేమయా, భయమా, తండ్రి మెప్పు కోరి వ్రాసినదా? మేము పలుమారు ఆలోచించితిమి. ఆడపిల్లగా పుట్టి పెరిగినవారికి ఈ మూడింటిని విడదీయుట ఎంత కష్టమో మన చదువరులకు వేరుగా చెప్పనక్కరలేదు. మాకు మాత్రము ఆ పాటలో కపటము వినబడదు.

అవమానము జరిగిన తరువాతనే మేళమునకు ఒక నెలవు దొరకెను. ఫ్రీమాంటులోని టౌన్‌హాలున శనివారపు రాత్రులలో పాట, నాట్యము జరుగుట కేర్పాటాయెను. ఆ పల్లెలో యువజనులకు ప్రొద్దుపుచ్చు చోటు వేరొకటి లేదు. కావున ప్రతి శనివారమును పిల్లలు వచ్చిరి. కొందరు వెక్కిరించిరి, కొందరు నాట్యమాడిరి, తరచుగా వెక్కిరించినవారే నాట్యమును ఆడిరి. విగ్గిన్ కుటుంబమంతయు ఆ హాలులోనే యుండెడిది. అక్కచెల్లెండ్రు తమ పాటలతోపాటు నాడు వాడుకలోనున్న పాటలను వాయించెడివారు. వృద్ధుల ఆశ్రమమునకును పోయి పాడిరి. ఈ శనివారములు 1973 వరకు నడచెను. ఒక చిన్న యూరి మేళమునకు ఐదేండ్లు తక్కువ కాలము కాదు. మన యూళ్ళలోని భజనసమాజములు, నాటకసమాజములు ఎన్ని రెండవ శ్రీరామనవమి చూడకమునుపే చీలిపోలేదు! అవి చీలుట ఎక్కువగా వేషములవద్దను, పెత్తనమువద్దను. ఇచ్చట పెత్తనము ఒక్కనిదే గనుక తగవునకు తావు లేకపోయెను. నిలిచినందులకు చెల్లించిన వెల వేరు.

1969 మార్చి నెలలో తండ్రి వారిని మస్సాచుసెట్సు రాష్ట్రములోని రెవీర్ పట్టణమునకు గొనిపోయి అచ్చటి ఫ్లీట్‌వుడ్ స్టూడియోలో రికార్డు వేయించెను. పిల్లలింకను సిద్ధముగా లేరని అచ్చటివా రనుకొనిరి. అతడు వినలేదు, వేడి చల్లారకముందే పట్టవలెనని అతని తొందర. యంత్రమువద్ద కూర్చున్నవారు నవ్వాపుకొనలేక తలుపు మూసికొనిరని చెప్పుదురు. పాడుచు నడుమ ఒకమారు అక్కచెల్లెండ్రు తామే నిలిపి, పొరపాటు పడితిమని మొదటినుండి యెత్తుకొనిరట. విన్నవారికి ఆ పొరపాటేదో తెలియలేదు! ఈ ముచ్చటను హాస్యముగా చెప్పుకొందురు. మాకది హాస్యముగా తోచదు. ఏది తప్పో ఏది ఒప్పో వారికి తెలియుననుట కదే సాక్ష్యము.

వేయి ప్రతులు ముద్రించుట కొప్పందము; డబ్బు ముందుగనే చెల్లెను. ఇంటికి వచ్చినవి నూఱు. తక్కిన తొమ్మిదివందలు ఏమైనవో విగ్గిన్ కుటుంబమునకు తెలియలేదు. పైకమును తిరిగి రాలేదు. సంసారపు లెక్కలు వ్రాసికొను ఇల్లాండ్రకు ఈ దెబ్బ యెట్టిదో తెలియును. మిల్లుకూలితో ఆరుగురు బిడ్డలను సాకు నింటిలో ఆ మొత్తము ఎన్ని చలికాలముల బట్టలకు వచ్చెడిదో! ఆ రికార్డు నాడు రేడియోలలో ఇంచుమించుగా వినబడనే లేదు. ఇంటిలో మరునాటి ఉదయమున యథాప్రకారము సాధన జరిగెను.

ఏండ్లు గడచెను. పిల్లలు పెద్దవారైరి, నియమములు మాత్రము మారలేదు. పెద్దకూతురు హెలెన్, శనివారపు సభలలో పరిచయమైన యొక యువకుని తండ్రికి తెలియకుండ వివాహమాడెను. ఆడి, ఏమియు జరుగనట్లు కొంతకాలము పుట్టింటనే యుండెను! వివాహిత యయ్యు తండ్రి యింట డ్రమ్ములముందు కూర్చుండి, ఉదయము, మధ్యాహ్నము, రాత్రి దరువు వేసిన ఆ పిల్ల మనస్సులో నేమి మెదలెడిదో మేము తలచుకొన్నప్పుడెల్ల గుండె బరువెక్కును. సంగతి బయటపడినప్పుడు ఇంటిలో పెద్ద రగడ జరిగెను. హెలెన్ భర్తతో వెడలిపోయెను. తండ్రి కొన్నాళ్ళు ఆమెతో మాటలాడలేదు. మేళము చరిత్ర వ్రాయువారు దీనిని ఒడిదుడుకులలో ఒకటిగా లెక్కింతురు. మేము అట్లు లెక్కింపము. ఆ యింటిలో ఒక కూతురు తనకు తానుగా చేసిన మొదటి నిర్ణయ మదియే. అటుతరువాత ఆమె మరల వచ్చి డ్రమ్ములముందు కూర్చుండుటయు కలదు. ఈసారి ఆమె తన యింటినుండి వచ్చినది.

1973 లో ఊరి పెద్దలు టౌన్‌హాలు సభలను నిలిపివేసిరి. అయినను సాధన మానలేదు. 1975 లో మరల అదే స్టూడియోకు పోయి మరికొన్ని పాటలు నిలిపిరి. అప్పటికి తంతులు శ్రుతికి వచ్చినవి. తాళము చాలవరకు కలిసినది. తండ్రి కోరిన ఫలము ఇన్నాళ్ళకు కనబడసాగెను. చిత్రమేమనగా, నేడు ఆ రెండవసారి పాటలను వినువారు తక్కువ. చక్కబడిన పాట వేయిమంది పాటలవలె నుండును; మొదటిది మాత్రము దేనివలెను ఉండదు. సంగీతము నేర్పు గురువులు మామీద కోపగింపకుందురు గాక. శ్రుతి అక్కరలేదని మేమనము. ఒక్కొక్కచో నేర్పు వచ్చుచు వచ్చుచు మరి దేనినో తీసికొని పోవునని మాత్రము అనుచున్నాము.

ఆ సంవత్సరమే ఆస్టిన్ విగ్గిన్ గుండె ఆగి మరణించెను. ఏబదియేండ్లును నిండలేదు. మేళము ఆ దినముతోనే ముగిసెను. ఇక వాయింపుడని చెప్పువారు లేరు. వాయింతమని వీరును అనుకొనలేదు. దుఃఖమును నిజమే, విడుదలయు నిజమే. ఎదురాడుట తమకు తెలియదని, తండ్రి చెప్పినది చేయుటయే తమకు తెలిసినదని వారు పిమ్మట అడిగినవారితో చెప్పిరి. డాట్, బెట్టీలును పెండ్లాడి, బిడ్డలను కని, ఇల్లు గడచుటకు దొరకిన పనులు చేసికొనుచు సామాన్య గృహిణులైరి. వాద్యములు మూలపడినవి. పాత యింటిని అమ్మివేసిరి. దానిని కొన్నవారు, ఆస్టిన్ ఆత్మ అందు తిరుగుచున్నదని భయపడి, తుదకు ఆ యింటిని అగ్నిమాపకదళమువారి కిచ్చివేసిరట. వారు మంటలార్పుట నేర్చుకొనుటకై దానిని తగులబెట్టిరి. దినమునకు మూడు వేళల సాధన జరిగిన గోడలు అట్లు బూడిదయైనవి.

కథ ఇచ్చట ముగిసినచో మేము దీనిని వ్రాయకపోదుము. ఆ నూఱింటిలో కొన్ని ప్రతులు చేతులు మారుచు పోయి, సంగీతముతో బ్రతుకువారికి అందెను. వారిలో ఎన్.ఆర్.బి.క్యూ. అను మేళమున పియానో వాయించు టెర్రీ ఆడమ్స్ ఒకడు. అతడును, అతని మేళములో డ్రమ్ములు వాయించు టామ్ ఆర్డొలీనోయు ఆ పాటలను విని విడువలేక, అక్కచెల్లెండ్రను వెదకి పట్టుకొని, వారి అనుమతితో 1980 లో రికార్డును మరల వేయించిరి. ఈమారు పత్రికలు దానినిగూర్చి వ్రాసెను. కొందరు లోకములో ఇంతకన్న చెడ్డ సంగీతము పుట్టలేదనిరి. కొందరు ఇంతకన్న నిష్కపటమైనది లేదనిరి. 1975 నాటి పాటలు 1982 లో వెలువడెను. తరువాతి తరమున పెద్దపేరు పొందిన గాయకుడు కర్ట్ కొబేన్, తన కిష్టమైన రికార్డుల పట్టికను తన నోటుపుస్తకములో వ్రాసికొన్నప్పుడు వీరిదానికి ఐదవ స్థాన మిచ్చెను. 1999 లో సూసన్ ఆర్లీన్ అను రచయిత్రి ‘న్యూయార్కర్’ పత్రికలో వీరి జీవితమును విపులముగా వ్రాసెను. మనము పైని చెప్పుకొన్న ఇంటిముచ్చటలు లోకమునకు ఎక్కువగా తెలిసినది ఆమె వలననే. వీరి కథను నాటకముగా కట్టి, 2003 లో లాస్‌ఏంజలీసునను, 2011 లో న్యూయార్కునను ఆడిరి. నాయనమ్మ చేయి చూచి చెప్పిన మూడవ మాటయు నిజమైనదని పలువురు వ్రాసిరి. నిజమే గావచ్చును. నిజమగునప్పటికి ఆ మాటను నమ్మినవాడు లేడు.

ఈ పొగడ్తలలో ఒకటి మాత్రము మాకు మ్రింగుడుపడదు. కట్టుబాట్లన్నింటిని త్రెంచుకొన్న స్వేచ్ఛాసంగీత మిదియని కొందరు విమర్శకులు మురిసిరి. చెవికి అట్లే వినబడును, కాదనము. కాని ఆ స్వేచ్ఛను వినిపించిన పిల్లలకు పొరుగింటికి పోవుటకు స్వేచ్ఛ లేదు. తాళమును వంచిన ఆ చేతులు గడియారము చెప్పిన వేళకు లేచి, గడియారము చెప్పిన వేళకు నిద్రించిన చేతులు. పంజరములోని చిలుక పలుకు వినుటకు ఇంపుగనే యుండును; అది స్వేచ్ఛగా నున్నదని పొగడుటకు మాత్రము మనకు నోరు రాదు. అట్లని ఆ తండ్రిని రాక్షసునిగా చిత్రించు మరికొందరి మాటయు మాకు సమ్మతము కాదు. అతడు తన కూలిడబ్బు నంతయు వారిమీదనే పెట్టెను, త్రాగలేదు, జూదమాడలేదు. తన బిడ్డలు మిల్లు గోడలు దాటి పేరు పొందవలెనని కోరెను. ఆ కోరికలో బిడ్డలకు చోటు చాలలేదు, అంతియే. ఇట్టి తండ్రులు, ఇట్టి తల్లులును, మన వీధులలో నేడును కొదువ లేరు. ఆనాటి హార్మోనియము స్థానమున ఇప్పుడు టెలివిజను పాటల పోటీలు వచ్చినవి. తెల్లవారకముందే లేపి సాధన చేయించి, ఓడి వచ్చిన పిల్లను ఓదార్చుటకు మాఱుగా ఇంకొక గంట కూర్చుండుమను పెద్దలు మాకు తెలిసినవారిలోనే కలరు.

ఆ యక్కచెల్లెండ్రకు ఈ ఆలస్యపు కీర్తి ఎట్లుండెనో మనము ఊహింపవలసినదే. వెనుకటి వెక్కిరింపులను మఱవని చెవులకు పొగడ్తయు వెక్కిరింపువలెనే మొదట వినబడియుండును. 1999 చివర న్యూయార్కులో ఎన్.ఆర్.బి.క్యూ. మేళపు వార్షికోత్సవ సభకు పిలువగా డాట్, బెట్టీలు పోయి పాడిరి. హెలెన్ పోజాలలేదు, ఆమె మనోవ్యాధిచే బాధపడుచుండెను. 2006 లో ఆమె చనిపోయెను. ఆ మేళములో ఎక్కువ నవ్వులకు గురియైనది ఆమె దరువే. ఆమెనుగూర్చి ఎవ్వరేమి వ్రాసినను, అందు డ్రమ్ముల ప్రసక్తియే మొదట వచ్చును. తనకు తానుగా పెండ్లాడిన ధైర్యముమాట తరువాత వచ్చును.

డాట్ మాత్రము పాటలు కట్టుట పూర్తిగ మానలేదు. 2013 లో, అరువదియైదవయేట, తన పేరుతో నొక క్రొత్త మేళమును కూర్చుకొని రికార్డు వేయించెను. ఈమారు ఆమెను ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. మేళములోనివారు చక్కగా సంగీతము నేర్చినవారు, ఆమెకన్న వయస్సున చిన్నవారు. 2017 వేసవిలో మస్సాచుసెట్సులోని నార్త్ ఆడమ్స్ పట్టణమున జరిగిన యొక సంగీతోత్సవమునకు షాగ్స్ పేరుననే పిలుపు వచ్చినప్పుడు డాట్, బెట్టీలు ఇద్దరును వేదికమీద కూర్చుండి పాడిరి. వాద్యములు వారు ముట్టలేదు, తక్కినవారు వాయించిరి. 1969 నాటి రికార్డులో నున్నది ఉన్నట్లు వాయింపవలెనని ఆ వాద్యకారులు నిర్ణయించుకొనిరి. అది మిక్కిలి కష్టసాధ్యమైన పని యాయెను. ప్రతి చరణమును ఆపి ఆపి విని, తాళము వంగిన ప్రతి చోటును కాగితముమీద వ్రాసికొని, వారు వల్లెవేసిరి. డ్రమ్ములముందు కూర్చున్నవారి శ్రమయు తక్కువది కాదు. హెలెన్ దరువును దెబ్బకు దెబ్బ తప్పకుండ నేర్చుకొనవలసి వచ్చెను.